ఏ బంధం తెగుతోందో చెప్పకుండా ద్రవీభవన స్థానం చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఈ మధ్య రసాయన బంధాల మీద వచ్చిన పాఠం చదివాను. పిల్లల కోసం కెమిస్ట్రీకి ఇంత చోటు ఇవ్వడం మంచి పని, అందుకు ముందుగా థాంక్స్. కానీ అందులో గళ్లు గీసి ఒక పట్టిక వేశారు చూడండి, ఎడమవైపు అయానిక పదార్థాలు (ఆవేశాలున్న అయాన్లతో ఏర్పడినవి), కుడివైపు సమయోజనీయ పదార్థాలు (పరమాణువులు ఎలక్ట్రాన్లని పంచుకున్నవి), ఇటు "బంధం బలమైనది కాబట్టి ద్రవీభవన స్థానం ఎక్కువ" అని, అటు "బంధం బలహీనం కాబట్టి ద్రవీభవన స్థానం తక్కువ" అని, దాని గురించే ఈ ఉత్తరం. ఆ రెండో వాక్యం తప్పు. ఏదో అంకె పొరపాటుగా పడితే నేను ఇంత పొడుగ్గా రాసేవాణ్ని కాదు. ఈ ఒక్క వాక్యం బుర్రలోకి ఎక్కితే పిల్లలకి ఆ తర్వాత వచ్చే కెమిస్ట్రీ అంతా బట్టీ పట్టాల్సిన జాబితాలాగే మిగులుతుంది. కెమిస్ట్రీ చెప్పేవాణ్ని కాబట్టి ఆన్సర్ షీట్లలో ఈ వాక్యం ఎన్నిసార్లు కనిపిస్తుందో నాకు బాగా తెలుసు.

నైట్రోజన్‌ని తీసుకోండి. రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉన్నది త్రిబంధం, దాన్ని తెంచాలంటే మోల్‌కి (అణువుల్ని లెక్కించడానికి రసాయన శాస్త్రంలో వాడే ప్రమాణం) సుమారు 945 కిలోజౌళ్లు కావాలి. మనకు తెలిసిన బలమైన బంధాల్లో అదొకటి. మరి నైట్రోజన్ మరిగేది ఎక్కడ? మైనస్ 196 డిగ్రీల దగ్గర. ఇప్పుడు ఫ్లోరిన్‌ని పక్కన పెట్టండి. అందులో ఉన్నది ఏకబంధం, బలం దాదాపు 158 కిలోజౌళ్లే, అంటే నైట్రోజన్‌తో పోలిస్తే ఆరో వంతు. అది మరిగేది మైనస్ 188 డిగ్రీల దగ్గర. బంధాల బలంలో ఆరు రెట్లు తేడా ఉంటే మరుగు స్థానాల్లో తేడా ఎనిమిది డిగ్రీలు, అది కూడా బలహీన బంధం ఉన్నదే కాస్త ఎక్కువ ఉష్ణోగ్రతలో మరుగుతోంది! మీ పట్టిక నిజమైతే ఇలా జరగకూడదు కదా.

జరుగుతున్నది ఏమిటంటే, నైట్రోజన్ మరిగేటప్పుడు ఆ త్రిబంధం జోలికి ఎవరూ పోవడం లేదు. ద్రవంలో జంటలుగా ఉన్న నైట్రోజన్ పరమాణువులు ఆవిరిలోనూ జంటలుగానే ఉంటాయి. విడిపోయేది అణువు నుంచి అణువు. వాటి మధ్య ఉన్నవి వాన్ డర్ వాల్స్ బలాలు, ఎలక్ట్రాన్ల మబ్బు క్షణం పాటు ఒక పక్కకి ఒరిగితే పుట్టే చిన్న ఆకర్షణ, అంతే. ఫ్లోరిన్‌లోనూ అదే కథ, అందుకే రెండూ ఇంచుమించు ఒకేచోట మరుగుతాయి.

అయితే ఆ 945 ఎక్కడికీ పోలేదు, వేరేచోట కనిపిస్తుంది. నైట్రోజన్ ఎంత బద్ధకంగా ఉంటుందో, ఫ్లోరిన్ దొరికినదాని మీదకల్లా ఎలా ఎగబడుతుందో చూడండి, బంధం బలం తెలిసేది అక్కడ. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నైట్రోజనే ఉన్నా దాన్ని అమ్మోనియాగా మార్చడానికి ఇనుము ఉత్ప్రేరకం, 400 నుంచి 500 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి నూరు రెట్లు మించిన ఒత్తిడి కావాల్సి వచ్చాయి. హేబర్ దాన్ని ప్రయోగశాలలో చేసి చూపింది 1909లో, బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చింది 1913లో. అంటే అణువు లోపలి బంధం చర్యల్ని శాసిస్తుంది, అణువుల మధ్య ఆకర్షణ మరగడాన్ని, కరగడాన్ని శాసిస్తుంది. రెండూ వేర్వేరు ప్రశ్నలు. మీ పట్టిక ఆ రెంటినీ కలిపేసింది.

నీటి విషయంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. నీళ్లు మరిగితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయని చాలామంది నిజంగానే అనుకుంటారు, బుడగల్లో ఉన్నది ఏమిటని అడిగితే ఆ రెండు వాయువుల పేర్లే చెబుతారు. అదే నిజమైతే మరుగుతున్న గిన్నె దగ్గర నిప్పు వెలిగించడం ప్రాణాపాయం, ఎందుకంటే ఆ రెండూ కలిసిన మిశ్రమం అంటుకుంటే పేలుతుంది. లెక్క చూడండి: ఒక మోల్ నీటిని మరుగు స్థానం దగ్గర ఆవిరి చేయడానికి సుమారు 41 కిలోజౌళ్లు చాలు. అదే అణువుల్ని విడి పరమాణువులుగా తెంచాలంటే 926 కావాలి. మరిగించేటప్పుడు మనం ఖర్చు పెట్టేది ఆ చిన్న మొత్తమే, అది అణువుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాల కోసం పోతుంది.

అలాగని ఆ 41 కూడా తక్కువదేం కాదు. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్‌కి సరిగ్గా కింద ఉండే సల్ఫర్‌తో ఏర్పడిన హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, అదీ నీటికన్నా బరువైన అణువు. ఆ వరసలోనే నీరు కూడా నడిచి ఉంటే భూమ్మీద సముద్రాలు ఉండేవి కావు. ఆక్సిజన్ చిన్నది, ఎలక్ట్రాన్లని గట్టిగా తనవైపు లాక్కుంటుంది, దాంతో హైడ్రోజన్ వైపు ధనావేశం పొడచూపుతుంది, అది పక్క అణువులోని ఆక్సిజన్‌ మీద ఉన్న ఒంటరి ఎలక్ట్రాన్ జంటవైపు లాగబడుతుంది. మంచులో ఒక్కో అణువు నాలుగు పొరుగు అణువులతో ఇలా చేతులు కలిపి మధ్యలో ఖాళీలు వదిలేస్తుంది. అందుకే మంచు సాంద్రత ఘన సెంటీమీటరుకి 0.917 గ్రాముల దగ్గరే ఆగిపోయి నీటి మీద తేలుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ కార్బన్ డయాక్సైడ్, సిలికా జంట. కార్బన్, సిలికాన్ రెండూ ఒకే గ్రూపువి, ఫార్ములాలు కూడా ఒకే తీరు, ఒకటికి రెండు ఆక్సిజన్లు. రెంటిలోనూ ఉన్నది సమయోజనీయ బంధమే. ఒకటేమో మనం ఊపిరితో వదిలే వాయువు, గడ్డకట్టిస్తే మైనస్ 78 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరైపోతుంది. రెండోది ఇసుక, క్వార్ట్జ్, దాన్ని కరిగించాలంటే 1,700 డిగ్రీల వరకు వెళ్లాలి. ఇందులో పిల్లలకి చెప్పి తీరాల్సిన సంగతి ఏమిటంటే, కార్బన్ డయాక్సైడ్‌లోని ద్విబంధం బలం 800 కిలోజౌళ్ల దగ్గర ఉంటుంది, సిలికాలోని సిలికాన్ ఆక్సిజన్ ఏకబంధం 450 చుట్టూ. వాయువుగా ఉన్నదానిలోనే బంధం ఎక్కువ బలమైనది! తేడా అల్లికలో ఉంది. కార్బన్ చిన్న పరమాణువు కాబట్టి ఆక్సిజన్‌కి బాగా దగ్గరగా వెళ్లి పక్కపక్కన ఉన్న ఆర్బిటాళ్లతో (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లతో) కూడా బంధం కట్టగలదు, రెండు ఆక్సిజన్లతో లెక్క సరిపోయి చిన్న అణువుగా ముగిసిపోతుంది. సిలికాన్ పెద్దది, అలా పక్కల నుంచి కలిసే బంధం దానికి సరిగా కుదరదు, అందుకని నాలుగు ఆక్సిజన్లతో నాలుగు ఏకబంధాలు కట్టుకుంటుంది, ఒక్కో ఆక్సిజన్ మళ్లీ ఇంకో సిలికాన్‌ని పట్టుకుంటుంది, అలా ఆ అల్లిక రేణువు అంచు దాకా ఎక్కడా ఆగదు. అక్కడ విడదీయడానికి విడి అణువు అంటూ లేదు. కరిగించాలంటే అసలు బంధాల్నే తెంచాలి.

ఇక గ్రాఫైట్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఒకే పదార్థంలో రెండు ప్రశ్నలకీ రెండు జవాబులు దొరికేది ఇక్కడే. పెన్సిల్‌తో కాగితం మీద గట్టిగా ఒక గీత గీసి దాన్ని లైటుకి ఏటవాలుగా పెట్టి చూడండి, నల్లటి గీతలో బూడిదరంగు మెరుపు కనిపిస్తుంది, వేలితో రుద్దితే జారినట్టు అంటుకుంటుంది. ఆ మెరిసేవి ముల్లులోంచి ఊడి వచ్చిన గ్రాఫైట్ పలుచని రేకులు. ఒక్కో పొరలో కార్బన్ పరమాణువులు ఆరు మూలల గళ్లుగా అల్లుకుని ఉంటాయి, వాటి మధ్య దూరం 142 పికోమీటర్లు. పొరకీ పొరకీ మధ్య దూరం మాత్రం 335. వజ్రంలో కార్బన్‌కీ కార్బన్‌కీ మధ్య దూరం 154, అంటే గ్రాఫైట్ పొరలోని బంధం వజ్రంలోని బంధం కంటే పొట్టిది, విడిగా చూస్తే దానికన్నా బలమైనది కూడా. అయినా వజ్రం గాజుని కోస్తుంది, గ్రాఫైట్ కాగితానికి అంటుకుపోతుంది. కాగితాల దొంతరని పక్కకి తోస్తే కాగితం ఒక్కటీ చిరగకుండానే దొంతర జరిగిపోతుంది కదా, అదే ఇక్కడ జరిగేది. రాసేటప్పుడు ప్రధానంగా విడిపోయేది పొరల మధ్య ఉన్న బలహీనమైన పట్టు, పొరలోని బంధం కాదు.

మరి మెత్తనిది కదా అని గ్రాఫైట్‌ని కరిగించి చూడండి. 3,600 డిగ్రీలు దాటినా సాధారణ పీడనంలో అది కరగదు, ఆపైన నేరుగా ఆవిరైపోతుంది, ఎందుకంటే ఆవిరి కావాలంటే ఈసారి పొరలోని బంధాలే తెగాలి. లోహాల్ని కరిగించే మూసలు గ్రాఫైట్‌తో చేసేది ఇందుకే. గోటితో గీస్తే గీరుకుపోయేంత మెత్తనిదే, కరిగిన లోహం పోసినా తట్టుకునేంత గట్టిది. మెత్తదనం ఒక బంధం గురించి చెబుతోంది, వేడికి తట్టుకోవడం ఇంకో బంధం గురించి చెబుతోంది. పైగా పొరలో ఒక్కో కార్బన్ మూడు బంధాలే కట్టి నాలుగో ఎలక్ట్రాన్‌ని పొరంతా తిరగడానికి వదిలేస్తుంది, అందుకే గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది, నాలుగూ బంధాల్లో బిగిసిపోయిన వజ్రంలో పారదు. 2004లో మాంచెస్టర్‌లో భౌతిక శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలోవ్ మామూలు అంటుకునే టేపుతో ఈ పొరల్ని ఒలుచుకుంటూ పోయి ఒకే ఒక్క పొరని పట్టుకున్నారు, గ్రాఫీన్ అన్నది అదే, 2010లో నోబెల్ వచ్చింది. పొరల మధ్య పట్టు అంత వదులు కాబట్టే టేపు సరిపోయింది, పొర అంత గట్టిది కాబట్టే ఒంటరిగా కూడా నిలిచింది.

ఇప్పుడు పట్టికలో ఎడమవైపు. అక్కడ వాక్యం తప్పు కాదు గానీ దాని కింద ఇచ్చిన వివరణ నాకు మింగుడు పడలేదు. "సోడియం అష్టకం కోసం ఒక ఎలక్ట్రాన్‌ని ఇచ్చేస్తుంది, క్లోరిన్ ఆనందంగా తీసుకుంటుంది, అలా ఇద్దరూ స్థిరపడతారు" అని రాశారు (అష్టకం అంటే బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండటం). సోడియం ఏదీ ఊరికే ఇవ్వదు! వాయు స్థితిలో ఉన్న సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగాలంటే 496 కిలోజౌళ్లు పెట్టాలి. దాన్ని క్లోరిన్ తీసుకున్నప్పుడు తిరిగి వచ్చేది 349. అంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడం దగ్గరే ఆగితే 147 కిలోజౌళ్లు నష్టం, అష్టకాలు రెండూ నిండినా సరే నష్టమే. దానికి ముందు సోడియం లోహాన్ని విడి పరమాణువులుగా చేయడానికి 107, క్లోరిన్ జంటల్ని విడదీసి ఒక మోల్ పరమాణువులు తేవడానికి 121 కూడా మనమే పెట్టాం. ఈ అప్పంతా తీరేది ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుని స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు, అప్పుడు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. కూడికలు తీసివేతలు చేస్తే చివరికి 410 చిల్లర మిగులుతుంది, సోడియం క్లోరైడ్ ఏర్పడేటప్పుడు ప్రయోగంలో కొలిచే వేడి కూడా అంతే. ఆ లెక్క కుదిరినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. అష్టకం ఫార్ములా రాయడానికి పనికొస్తుంది, ఎవరూ కాదనరు, కానీ ఉప్పు ఎందుకుందో చెప్పేది అష్టకం కాదు, స్ఫటికమంతా పరుచుకున్న విద్యుదాకర్షణ.

అందుకే ఉప్పులో సోడియం క్లోరైడ్ "అణువు" బొమ్మ వేయడం కూడా మానేయాలని నా మనవి. ఒక సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, ఎవరి జంట ఎవరో చెప్పలేం. ఉప్పు గల్లు ఒకటి తీసుకుని భూతద్దం కింద పెట్టండి. సన్నటి బ్లేడుని ఒక ముఖానికి సమాంతరంగా ఆనించి టక్కున కొడితే గల్లు నున్నగా రెండుగా విడిపోతుంది, విరిగిన చోట కూడా మళ్లీ చదునైన ముఖమే, మూల మళ్లీ లంబకోణమే. ఒక వరస ఒక్క అయాన్ మేర జరిగిందంటే ధనావేశం ఎదుటికి ధనావేశం, రుణావేశం ఎదుటికి రుణావేశం వస్తాయి, అంతవరకూ పట్టి ఉంచిన బలమే ఆ క్షణాన తోసేస్తుంది. రాగి తీగలో ఇలా జరగదు. అక్కడ ఎలక్ట్రాన్లు అందరి ఉమ్మడి సొత్తు, వరసలు జరిగినా ఎవరికీ శత్రువు ఎదురుపడడు, కాబట్టి తీగ వంగుతుంది గానీ పగలదు, అవే ఎలక్ట్రాన్లు కరెంటుని కూడా మోస్తాయి. లోహ బంధం అనగానే ఒకటే బలం అనుకోవద్దు, పాదరసం మైనస్ 39 దగ్గరే ద్రవం, టంగ్‌స్టన్‌కి 3,422 కావాలి.

అయాన్ల ఆవేశం ఏం చేస్తుందో కూడా ఒక్క జతతో చూపించవచ్చు. మెగ్నీషియం ఆక్సైడ్ పేర్చుకునే తీరు ఉప్పులాంటిదే, కాకపోతే ఆవేశాలు ఒకటి బదులు రెండు, అయాన్ల మధ్య దూరం 282 బదులు 210 పికోమీటర్లు. ఆకర్షణ నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరిగితే ఇది 2,850 దాకా కరగదు, ఉక్కు కొలిమి లోపల ఇటుకలుగా పేర్చేది దీన్నే.

"లోహం, అలోహం కలిస్తే అయానిక బంధం" అని కూడా మీ పాఠంలో ఉంది. అల్యూమినియం క్లోరైడ్‌ని ఏం చేద్దాం మరి? 180 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, ఆ ఆవిరిలో అయాన్లు లేవు, రెండు అల్యూమినియంలు, ఆరు క్లోరిన్లు కలిసిన మామూలు అణువులు ఉన్నాయి. క్లోరిన్ బదులు ఫ్లోరిన్ పెట్టండి, అదే అల్యూమినియం సమ్మేళనం 1,200 డిగ్రీలు దాటినా ఘనంగానే ఉంటుంది. మూడు ధనావేశాలున్న చిన్న అల్యూమినియం అయాన్ పెద్దదైన క్లోరైడ్ ఎలక్ట్రాన్ మబ్బుని తనవైపు సాగదీస్తుంది, చిన్న ఫ్లోరైడ్ మబ్బు అంత తేలిగ్గా సాగదు. ఫాజన్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతి 1923లోనే చెప్పాడు. మరో రసాయన శాస్త్రవేత్త పాలింగ్ 1932లో రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లని పరమాణువు తనవైపు లాక్కునే గుణం) కొలమానం ఇచ్చాక ఇది ఇంకా స్పష్టమైంది, అయానిక, సమయోజనీయ అన్నవి ఒకే గీతకి రెండు చివరలు, చాలా పదార్థాలు మధ్యలో ఎక్కడో ఉంటాయి. గళ్ల పట్టికలో ఆ మధ్య భాగానికి చోటే లేదు.

ఇంకొక్క మాట, ఇది బయాలజీ పేజీల్లో కూడా తరచూ కనిపిస్తుంది కాబట్టి వదలలేకపోతున్నాను. "బంధంలో శక్తి నిల్వ ఉంటుంది, బంధం తెగితే ఆ శక్తి విడుదలవుతుంది" అని రాశారు. ఏ బంధమూ తెగినప్పుడు శక్తిని ఇవ్వదు, తెంచడానికి మనమే పెట్టాలి, బంధం కట్టుకున్నప్పుడే శక్తి బయటికి వస్తుంది. హైడ్రోజన్ మంటని తీసుకోండి. రెండు మోళ్ల హైడ్రోజన్‌ని తెంచడానికి 872, ఒక మోల్ ఆక్సిజన్‌కి 498, మొత్తం 1,370 కిలోజౌళ్లు ఖర్చు. కొత్తగా కట్టుకున్నవి నాలుగు మోళ్ల ఆక్సిజన్ హైడ్రోజన్ బంధాలు, ఒక్కోదానికి 463 చొప్పున 1,852 రాబడి. మిగిలిన 482 కిలోజౌళ్లే మనకి మంటగా కనిపించేది. జీవకణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ విషయంలోనూ అంతే, ఫాస్ఫేట్ బంధం తెగడానికి ఖర్చవుతుంది, ఆ తర్వాత నీటితో ఏర్పడే కొత్త పదార్థాలు అంతకన్నా స్థిరంగా ఉండటం వల్ల లాభం వస్తుంది. ఫ్లోరిన్ అంత దూకుడుగా ఎందుకుందో కూడా ఇక్కడే తెలుస్తుంది, పాత బంధం చౌకగా తెగుతుంది, హైడ్రోజన్‌తో కట్టే కొత్త బంధం 567 కిలోజౌళ్లు తెచ్చిపెడుతుంది.

కాబట్టి నేను అడిగేది ఇది. సవరణ వేస్తే ఒక వాక్యం మార్చి ఊరుకోకండి, ఆ పట్టికనే తీసేయండి. దాని చోట ఏడెనిమిది పదార్థాల పేర్లు, వాటి ద్రవీభవన లేదా మరుగు స్థానాలు వేసి, ప్రతి దాని పక్కన "ఇక్కడ విడిపోతున్నది ఏది?" అన్న గడిని ఖాళీగా వదలండి. నైట్రోజన్, నీరు, క్వార్ట్జ్, ఉప్పు, మెగ్నీషియం ఆక్సైడ్, గ్రాఫైట్ తప్పకుండా ఉండాలి. అయొడిన్ కూడా వేయండి, నల్లటి పలుకులు కొద్దిగా వేడి తగలగానే ఊదారంగు ఆవిరిగా లేస్తాయి, ఆ రంగు అయొడిన్ అణువుదే, జంట విడిపోలేదని కంటికే తెలిసిపోతుంది. జవాబులు మరుసటి వారం ఇవ్వండి. కావాలంటే ఆ జవాబులు నేనే రాసి పంపుతాను, పిల్లల నుంచి వచ్చే ప్రశ్నలకి కూడా బదులిస్తాను.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ టీచర్